ఆగిపోయిన చిన్న ఇంజను

ఇంగ్లండులో ఇంటి పెద్దలు గతించిన తరువాత అటక మీది సామాను దింపుతున్నప్పుడు తరచుగా ఒక అట్టపెట్టె బయటపడుతుంది. అందులో పాత వార్తాపత్రికలలో చుట్టిన జానెడు పొడవు రైలింజను ఒకటి, రెండు మూడు పెట్టెలు, తుప్పు పట్టిన పట్టాలు కొన్ని ఉంటాయి. అరవై డెబ్బై ఏళ్ల క్రితం ఒక క్రిస్మస్ పండుగనాడు ఆ ఇంటి పిల్లవాడికి అందిన కానుక అది. కుటుంబంలో ఎవరో ఒకరు దానిని పట్టాల మీద నిలిపి విద్యుత్తు అందిస్తారు. ఇంజను కదలదు. లోపల సన్నని రొద వినిపిస్తుంది; కొద్దిసేపటికి కాలిన వార్నిషు వాసన వేస్తుంది. 'మోటారు పోయింది' అనే తీర్పు అక్కడికక్కడే వెలువడుతుంది. నిజానికి అటువంటి మోటార్లలో అధిక భాగం చెడిపోయినవి కావు. నూనె గట్టిపడి, ధూళి నిండి ఆగిపోయినవి మాత్రమే. వాటిని నిజంగా చెడగొట్టేది చాలాసార్లు కాలం కాదు, తొందరపడిన చేయి.

నమూనా రైలు కేవలం పిల్లల ఆటబొమ్మ కాదు. నిజమైన రైలును ఒక నిర్ణీత నిష్పత్తిలో కుదించి, చక్రాలూ కడ్డీలూ పొగగొట్టమూ అన్నింటినీ ఆ కొలతకు లోబరచి చేసిన యంత్రం అది. బ్రిటనులో అత్యధికంగా వ్యాపించిన కొలతలో ఒక అడుగు 4 మిల్లీమీటర్లవుతుంది, అనగా అసలులో 76వ వంతు. పట్టాల నడిమి దూరం మాత్రం 16.5 మిల్లీమీటర్లు. లెక్క సరిగ్గా చూస్తే ఆ దూరం దాదాపు 19 మిల్లీమీటర్లు ఉండాలి. ఈ తేడాకు కారణం మోటారే. బ్రిటిష్ రైలింజనులు ఇతర దేశాల ఇంజనులకన్నా సన్ననివి. యూరపులో ప్రచారంలో ఉన్న చిన్న కొలతలో వాటిని తయారుచేస్తే ఆనాటి మోటారు వాటి బాయిలరులో ఇమడలేదు. అందువల్ల పట్టాలను అలాగే ఉంచి, ఇంజను శరీరాన్ని కొంచెం పెంచారు. ఒక మోటారు పరిమాణం ఒక దేశపు నమూనా రైళ్ల రూపాన్నే నిర్ణయించిందన్నమాట.

విద్యుత్ మోటారుకూ చిన్న రైలుకూ ఉన్న సంబంధం ఇంతకన్నా పాతది. అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో థామస్ డావెన్‌పోర్ట్ అనే కమ్మరి ఉండేవాడు. ఇనుప గనుల వద్ద వాడుతున్న విద్యుదయస్కాంతాన్ని చూసి ముగ్ధుడై, ఒకదానిని కొని ఇంటికి తెచ్చి, చుట్టు తరువాత చుట్టుగా విప్పాడు. అతడు విప్పుతుండగా భార్య ఎమిలీ ప్రతి అంశాన్నీ వరుసగా వ్రాసి ఉంచిందని చెబుతారు. తిరిగి చుట్టేటప్పుడు తీగల మధ్య అడ్డుగా ఉంచడానికి ఆమె తన పెళ్లినాటి పట్టుబట్టను చించి ఇచ్చిందనే కథ కూడా ప్రచారంలో ఉన్నది. 1835లో డావెన్‌పోర్ట్ గుండ్రని పట్టాల మీద ఒక చిన్న విద్యుత్ వాహనాన్ని నడిపి చూపాడు. 1837లో తన మోటారుకు పేటెంటు పొందాడు. విద్యుత్తుతో తిరిగే యంత్రం తొలినాళ్లలోనే నమూనా రైలును లాగిందన్నమాట.

బ్రిటనులో ఈ వినోదాన్ని ఇంటింటికీ చేర్చిన వాడు లివర్‌పూల్‌కు చెందిన ఫ్రాంక్ హార్న్‌బీ. 1901లో మెకానో అనే బొమ్మల నిర్మాణ సామగ్రికి పేటెంటు పొందిన అతడు 1920లో స్ప్రింగుతో నడిచే రైళ్లను విడుదల చేశాడు. అతడు 1936లో మరణించగా, 1938లో ఆ సంస్థ 'హార్న్‌బీ డబ్లో' పేరుతో పైన చెప్పిన 4 మిల్లీమీటర్ల కొలతలోని విద్యుత్ రైళ్లను తెచ్చింది. యుద్ధానంతరం ట్రై-ఆంగ్ అనే పేరుతో, ప్లాస్టిక్ శరీరంతో, తక్కువ వెలకు దొరికే రైళ్లు పోటీకి వచ్చాయి. 1964లో ట్రై-ఆంగ్ యజమానులే హార్న్‌బీ సంస్థను కొన్నారు. 1971లో ఆ యజమానుల సంస్థ కూడా కుప్పకూలింది. పేరు మాత్రం నిలిచింది. ఈ వ్యాపార చరిత్ర ఎలా ఉన్నా, మరమ్మతుకు వచ్చే పాత ఇంజనులలో ఎక్కువగా కనిపించేది ట్రై-ఆంగ్ వారి ఎక్స్-04 అనే మోటారు. కొన్ని దశాబ్దాలపాటు పెద్ద మార్పులు లేకుండా తయారైన ఈ మోటారును ఉదాహరణగా తీసుకుంటే విషయం సులభంగా బోధపడుతుంది.

దాని నిర్మాణంలో దాపరికం లేదు. ఒక దిమ్మె వంటి శాశ్వత అయస్కాంతం, దానికి ఇరువైపులా రెండు ఉక్కు పలకలు, ఆ పలకల నడుమ తిరిగే ఆర్మేచర్ పైకి స్పష్టంగా కనిపిస్తాయి. ఆర్మేచర్‌కు మూడు కొమ్ములుంటాయి. ఒక్కొక్క కొమ్ముకు ఎనామిల్ పూత గల సన్నని రాగితీగ వందల చుట్లు చుట్టి ఉంటుంది. మూడు చుట్ల కొసలూ ఇరుసు చివరనున్న కమ్యుటేటర్‌కు అతికి ఉంటాయి. కమ్యుటేటర్ అనేది మూడు రాగి ముక్కలుగా చీలిన చిన్న వలయం. దానిమీద రెండు కార్బన్ ముక్కలు ఒరుసుకుంటూ విద్యుత్తును అందిస్తాయి. వీటినే బ్రష్‌లంటారు. మిక్సీ ఆగిపోయినప్పుడు బాగుచేసేవాడు 'కార్బన్లు అరిగాయి' అని చెప్పేది ఇటువంటి ముక్కల గురించే.

అయస్కాంత క్షేత్రంలో ఉన్న తీగ గుండా విద్యుత్తు ప్రవహిస్తే ఆ తీగపై బలం పనిచేస్తుందన్నది ఫ్లెమింగ్ ఎడమచేతి నిబంధన ద్వారా విద్యార్థులకు తెలిసిన విషయమే. ఆర్మేచర్ సగం చుట్టు తిరిగేసరికి ఆ బలం వెనుకకు లాగకుండా, సరైన క్షణంలో విద్యుత్తు దిశను మార్చడమే కమ్యుటేటర్ పని. కొమ్ములు రెండే ఉంటే ఒక స్థితిలో ఇరువైపుల లాగుడు సమానమై మోటారు బిగుసుకుపోతుంది. చేతితో తోస్తే గాని బయలుదేరదు. మూడవ కొమ్ము ఆ చిక్కును తొలగిస్తుంది. ఏ స్థితిలో ఆగినా ఏదో ఒక కొమ్ము లాగడానికి సిద్ధంగా ఉంటుంది.

ఆగిన ఇంజనులో వాసన ఎందుకు వస్తుందో కూడా ఇక్కడే తెలుస్తుంది. తిరుగుతున్న ఆర్మేచర్ తనలోనే ఒక వ్యతిరేక విద్యుచ్చాలక బలాన్ని పుట్టించి, తనలోనికి వచ్చే ప్రవాహాన్ని తానే తగ్గించుకుంటుంది. తిరగని ఆర్మేచర్‌కు ఆ రక్షణ లేదు. దాని నిరోధం 8 ఓములనుకుంటే 12 వోల్టుల వద్ద 1.5 ఆంపియర్ల ప్రవాహం, అనగా 18 వాట్ల శక్తి, బొటనవేలంత రాగిచుట్టలో పూర్తిగా వేడిగా మారుతుంది. కదలని ఇంజనుకు 'ఇంకొంచెం విద్యుత్తు ఇచ్చి చూద్దాం' అనుకోవడం కన్నా పెద్ద పొరపాటు లేదు. ఎనామిల్ కాలేది ఆ ఇంకొంచెంలోనే. అటక మీద నుండి ఇంజనుతోపాటు దిగివచ్చిన పాత ట్రాన్స్‌ఫార్మరును గోడకు తగిలించడం మరింత అపాయకరం. దాని తీగల రబ్బరు తొడుగు ఈపాటికి పెళుసై రాలిపోయి ఉండవచ్చు. ఇంజనుకు అందేది 12 వోల్టులే అయినా, ఆ పెట్టెలోకి వచ్చేది ఇంటి విద్యుత్తు. పరీక్షకు కొత్త ట్రాన్స్‌ఫార్మరును వాడటమే క్షేమం.

అనుభవజ్ఞుడైన మరమ్మతుదారు మొదట స్క్రూడ్రైవరును ముట్టుకోడు. ఇంజనును నలువైపుల నుండి ఛాయాచిత్రాలు తీసుకుంటాడు. ఏ తీగ ఎక్కడికి పోతున్నదో కాగితం మీద గీసుకుంటాడు. ఎమిలీ డావెన్‌పోర్ట్ చేసిన పని అదే. తరువాత చక్రాలను పరిశీలిస్తాడు. విద్యుత్తు పట్టాల నుండి చక్రాల ద్వారానే లోపలికి రావాలి. చక్రాల అంచున నల్లని జిడ్డు పొర కట్టి ఉంటే మోటారు ఎంత ఆరోగ్యంగా ఉన్నా ప్రయోజనం లేదు. ఈ నమూనాలలో ఒకవైపు చక్రాలు ఇరుసు నుండి విద్యుత్పరంగా వేరుచేయబడి ఉంటాయి. రెండవవైపు చక్రాలు లోహపు చట్రానికే విద్యుత్తును అందిస్తాయి. పట్టాలతో పని లేకుండా రెండు తీగలను నేరుగా మోటారుకు తాకిస్తే, లోపం మోటారులో ఉన్నదో దాని బయట ఉన్నదో ఒక్క క్షణంలో తేలిపోతుంది.

విద్యుత్తును తొలగించిన తరువాత ఆర్మేచర్‌ను వేలితో మెల్లగా తిప్పి చూడాలి. అది కదలకపోతే కారణం విద్యుత్తు కాదు, నూనె. అరవై ఏళ్ల క్రితం వేసిన నూనె గోధుమరంగు జిగురుగా మారి ఇరుసును పట్టుకుని ఉంటుంది. కొన్నిసార్లు ఆ జిగురు మోటారులో కాక, ఇరుసు చివరనున్న మరచుట్టు గేరులోనో చక్రాల ఇరుసులలోనో ఉంటుంది. బలవంతంగా తిప్పితే గేరు పండ్లు విరుగుతాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాలు చుక్కలు వేసి, నానే వరకు ఓపిక పట్టి, దూదితో తుడిచి, మళ్లీ వేయాలి. ఒక పూట పట్టినా పట్టవచ్చు. ఈ ద్రవం కొన్ని రంగులను కరిగిస్తుంది కనుక ఇంజను పై తొడుగును ముందే వేరుచేసి పక్కన ఉంచడం అవసరం.

తరువాతిది కమ్యుటేటర్. కార్బన్ అరిగిన పొడి, రాగి పొడి, నూనె కలిసి ఆ మూడు ముక్కల మధ్య సన్నని చీలికలలో నల్లని ముద్దగా పేరుకుంటాయి. ఆ ముద్ద విద్యుత్తును ఒక ముక్క నుండి మరొక ముక్కకు అడ్డదారిన దాటిస్తుంది. ఆల్కహాలులో ముంచిన దూదిపుల్లతో రాగి ముఖాన్ని మెరిసేవరకు తుడిచి, చీలికలను పళ్లుకుట్టుకునే చెక్కపుల్లతో శుభ్రం చేయాలి. గరుకు కాగితంతో రుద్దితే పని త్వరగా అయినట్లు కనిపిస్తుంది. కాని దాని రేణువులు రాగిలో గుచ్చుకుని కొత్త కార్బన్లను కొద్ది గంటలలోనే కొరికివేస్తాయి. గీతలు మరీ లోతైనప్పుడు తప్ప దానిని దూరంగా ఉంచడమే మంచిది.

బ్రష్‌లను అదిమి ఉంచేది రెండు భుజాలు గల ఒక సన్నని స్ప్రింగు. ఎక్స్-04లో ఈ చిన్న తీగకు ఉన్న ప్రాముఖ్యం దాని పరిమాణాన్ని చూస్తే ఊహకందదు. ఒక బ్రష్‌కు విద్యుత్తు చట్రం నుండి, రెండవదానికి వేరుగా తీగ ద్వారా వస్తుంది. తీగ వచ్చే వైపు స్ప్రింగు భుజానికి ఒక చిన్న నిరోధక తొడుగు ఉంటుంది. ఆ తొడుగు జారిపోతే రెండు వైపుల విద్యుత్తూ స్ప్రింగులోనే కలిసిపోతుంది. ఆర్మేచర్‌కు ఏమీ మిగలదు, స్ప్రింగు వేడెక్కి పట్టు కోల్పోతుంది. ఎర్రగా కాలి చనిపోయిందనుకున్న మోటారు ఒక అగ్గిపుల్ల మందం తొడుగుతో లేచి తిరగడం ఈ పని చేసేవారికి వింత కాదు. ఇల్లు ఊడ్చినప్పుడు ఆ తొడుగు ఏ మూలన పడిపోయిందో ఎవరికీ తెలియదు. అందువల్లనే మొదట తీసిన ఛాయాచిత్రం విలువైనది.

ఇంతవరకు చేసినా మోటారు తిరగకపోతే అప్పుడు తీగచుట్లను అనుమానించాలి. దీనికి మల్టీమీటరు చాలు. మూడు చుట్లూ త్రిభుజం భుజాల వలె ఒకదానికొకటి కలిసి ఉంటాయి. త్రిభుజం కోణాలే కమ్యుటేటర్ ముక్కలు. ఒక్కొక్క చుట్టకు 12 ఓముల నిరోధం ఉన్నదనుకుంటే, ఏ రెండు ముక్కల మధ్య కొలిచినా నేరుగా 12 ఓముల దారి ఒకటి, చుట్టుతిరిగి 24 ఓముల దారి ఒకటి సమాంతరంగా ఉంటాయి. కావున మీటరు 8 ఓములు చూపుతుంది. మూడు కొలతలూ సమానంగా ఉంటే ఆర్మేచర్ ఆరోగ్యంగా ఉన్నట్లే. ఒక చుట్ట తెగి ఉంటే కొలతలు 24, 12, 12గా మారతాయి. ఒక చుట్ట లోలోపలే అంటుకుపోయి ఉంటే ఒక కొలత దాదాపు సున్నా, మిగిలిన రెండూ 6 అవుతాయి. అసలు మోటారులో అంకెలు వేరుగా ఉండవచ్చు. ఈ నిష్పత్తులు మాత్రం మారవు. ఆర్మేచర్‌ను కోయకుండా, విప్పకుండా దాని లోపలి స్థితిని మూడు అంకెలు చెప్పివేస్తాయి.

అయితే ఇక్కడ ఒక మోసం ఉన్నది. చీలికలోని ధూళి ముద్ద కూడా మీటరుకు అంటుకుపోయిన చుట్ట వలెనే కనిపిస్తుంది. శుభ్రం చేయకముందే కొలిచి, ఆ అంకెను నమ్మి, మంచి ఆర్మేచర్‌ను పారవేసినవారు తక్కువమంది కారు. చీలికలు తెల్లగా కనిపించిన తరువాతనే మీటరు మాటకు విలువ. ఇరుసుకూ కమ్యుటేటర్ ముక్కలకూ మధ్య కూడా కొలవాలి. అక్కడ ఏ దారీ ఉండరాదు.

తెగిన తీగ సాధారణంగా చుట్ట లోపల తెగదు. కమ్యుటేటర్‌కు అతికిన చోటనే తెగుతుంది. అప్పుడు ఒక చుట్టు విప్పి, కొసన ఎనామిల్‌ను గీకి, సన్నని మొనతో టంకం వేస్తే సరిపోతుంది. వందల చుట్లలో ఒకటి తగ్గినంత మాత్రాన లోటు కనిపించదు. నిజంగా కాలిపోయిన చుట్టలను విప్పి, అంతే మందం గల తీగతో, అన్నే చుట్లు, అదే దిశలో తిరిగి చుట్టాలి. తెలుగునాట ప్రతి చిన్న పట్టణంలోనూ కాలిన పంపుసెట్టు మోటార్లను తిరిగి చుట్టే దుకాణాలుంటాయి. ఆ మోటార్లలో బ్రష్‌లు లేకపోవచ్చు, విద్యుత్తు స్వభావం వేరు కావచ్చు. కాని విప్పుతూ చుట్లను లెక్కపెట్టుకునే ఆ చేతివాటం ఇక్కడా అదే. తీగ వెంట్రుకంత సన్నగా ఉండటమే కష్టం.

ఇక మిగిలినది అయస్కాంతం. పాత మోటారు విషయంలో అన్నిటికన్నా ఎక్కువ నష్టం జరిగేది దీనివల్లనే. ఆ కాలపు అయస్కాంతాలకు అల్యూమినియం, నికెల్, కోబాల్టు కలిసిన ఆల్నికో మిశ్రమాన్ని విరివిగా వాడేవారు. దాని క్షేత్రం బలమైనదే కాని నిలకడ తక్కువ. ఉక్కు పలకల మధ్య ఉన్నంతకాలం దాని అయస్కాంత రేఖలకు ఇనుము గుండా సులువైన దారి దొరుకుతుంది. దిమ్మెను బయటికి లాగిన క్షణంలో ఆ దారి తెగి, అయస్కాంతం తన క్షేత్రంతో తానే తనను బలహీనపరచుకుంటుంది. మళ్లీ యథాస్థానంలో ఉంచినా పోయిన బలం తిరిగిరాదు. 'పూర్తిగా విప్పి శుభ్రం చేద్దాం' అన్న ఉత్సాహంతో మరలు ఊడదీసినవాడు అందువల్లనే అన్నీ సక్రమంగా బిగించిన తరువాత కూడా ముందుకన్నా నీరసమైన మోటారును చూడవలసి వస్తుంది. తప్పనిసరిగా విప్పవలసినప్పుడు దిమ్మె రెండు ధ్రువాలనూ కలుపుతూ ఒక మెత్తని ఇనుప ముక్కను ముందుగా ఆనించి, దానితోపాటే జరపాలి. వీలైనంతవరకు విప్పకపోవడమే ఉత్తమం.

బలహీనపడిన అయస్కాంతం లక్షణం విచిత్రంగా ఉంటుంది. బరువు లేనప్పుడు మోటారు మునుపటికన్నా వేగంగా తిరుగుతుంది. క్షేత్రం తగ్గినందున అదే వ్యతిరేక విద్యుచ్చాలక బలాన్ని పుట్టించడానికి అది ఎక్కువ వేగంగా తిరగవలసి రావడమే కారణం. తెలియనివారు దీనిని చూసి సంతోషిస్తారు. నాలుగు పెట్టెలు తగిలిస్తే మాత్రం చతికిలబడి, విద్యుత్తు అధికంగా తాగి, వేడెక్కుతుంది. దీనికి రెండు మందులున్నాయి. ప్రత్యేక పరికరంతో క్షణకాలం తీవ్రమైన క్షేత్రాన్ని ప్రయోగించి పాత దిమ్మెకు తిరిగి బలం ఎక్కించడం ఒకటి. 1980లలో వెలువడిన నియోడిమియం అయస్కాంతాన్ని, దిమ్మె కొలతకు సరిపడే ఇనుముతో కలిపి అమర్చడం మరొకటి. రెండవది చవక, ఫలితం వెంటనే కనిపిస్తుంది. అయితే క్షేత్రం మరీ ఎక్కువైతే ఆర్మేచర్ కొమ్ము కొమ్ము వద్ద ఆగి ఆగి తిరుగుతుంది. ఇంజను నెమ్మదిగా బయలుదేరే అందం పోతుంది. పాత వస్తువును పాతదిగానే కాపాడాలనేవారు మొదటిదానినే కోరుతారు. ఇంజను నడవడమే ముఖ్యమనేవారికి రెండవదాని మీద అభ్యంతరం లేదు. మోటారునే పారవేసి కొత్తది పెట్టడం మూడవ మార్గం. అది మరమ్మతు కాదు, మార్పిడి. పాత చట్రంలో కొత్త మోటారు పట్టడానికి ఒకచోట ఆకురాయితో అరగదీస్తే, తరువాతి తరం వారికి పాత మోటారు దొరికినా అక్కడ కూర్చోదు.

మరమ్మతుకు లొంగనిది ఒకటి మాత్రం ఉన్నది. యుద్ధానికి పూర్వపు కొన్ని ఇంజనుల చట్రాలను జింకు మిశ్రమంతో పోతపోశారు. అందులో సీసం వంటి మలినాలు చేరితే ఏళ్లు గడిచేకొద్దీ లోహం లోలోపల ఉబ్బి, పగిలి, చివరికి చేతిలో పొడి అవుతుంది. అటువంటి చట్రంలో మోటారు ఎంత బాగున్నా దానిని నిలబెట్టే చోటు ఉండదు.

అంతా శుభ్రమైన తరువాత ఇరుసు రెండు చివరలనున్న ఉన్నిబిళ్లలకు ఒక్కొక్క చుక్క పలుచని నూనె పెట్టాలి. సూదిమొనతో పెట్టిన చుక్క చాలు. ఎక్కువైన నూనె కమ్యుటేటర్ మీదికి పాకి, కథను మళ్లీ మొదటికి తెస్తుంది. అరిగిన కార్బన్లు కొత్తవి వేసినట్లయితే వాటి ముఖాలు రాగి వలయపు వంపుకు ఒదిగేవరకు, పెట్టెలేమీ తగిలించకుండా, తక్కువ వోల్టేజి మీద అరగంట ముందుకు, అరగంట వెనుకకు నడపాలి. ఆ సమయంలో విద్యుత్ప్రవాహాన్ని కొలిచి చూడటం మంచిది. సాఫీగా తిరుగుతూ ఉండి కూడా ఒక ఆంపియరుకు మించి తాగుతున్నదంటే అయస్కాంతమో, ఎక్కడో మిగిలిన బిగువో కారణం.

చివరగా పై తొడుగు బిగించి ఇంజనును పట్టాల మీద నిలుపుతారు. కుడివైపు పట్టాకు ధన విద్యుత్తు అందినప్పుడు ఇంజను ముందుకు పోవాలన్నది అందరూ పాటించే నియమం. ఇంతటి శ్రమ తరువాత అది గంభీరంగా వెనుకకు నడవడం కూడా అరుదు కాదు. అయస్కాంతాన్ని తిరగవేసి అమర్చినా అలా జరుగుతుంది, బ్రష్ తీగ వైపు మారినా జరుగుతుంది. అయస్కాంతం జోలికి పోకుండా, తీగను, దానితోపాటు స్ప్రింగు మీది చిన్న తొడుగును రెండవ వైపుకు మారిస్తే చాలు. పొగగొట్టం ముందుండగా, మూడు పెట్టెలు వెనుక ఊగుతుండగా, అటక మీద నుండి దిగిన ఇంజను బల్ల మీది మలుపు తిరుగుతుంది.